గింజ పారిస్ చేరింది, మరి మనం?

ఒకప్పుడు మన సరుకు సంత దాకానే. చింతపండు, అడ్డాకులు, తపసి బంక కావడిలో దిగేవి. ఉప్పు, ఎండుచేపలు కొండెక్కేవి. షావుకారు తూకంలో ముంచేవాడు, నిజమే. కానీ ఆ తక్కెడ మన కళ్ల ముందుండేది. అతణ్ణి అడ్డుకోవడానికే 1956లో జీసీసీ పెట్టారు. ఎంత అడ్డుకుందో మన తాతలనడగండి.

ఇప్పుడా తక్కెడ ఎక్కడుంది? అరబికా ధర న్యూయార్క్‌ మార్కెట్‌లో తేలుతుంది. బ్రెజిల్‌లో పంట విరగకాస్తే చింతపల్లిలో మనకు కోత కూలి గిట్టదు. 2017లో పారిస్‌లో అరకు పేరుతో కాఫీ దుకాణం తెరిచారు. 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే! కానీ ఐదారు కిలోల పండు కోస్తేగాని కిలో గింజ రాదు. పండు అమ్మినవాడికి ఎంత, వేయించి పొట్లం కట్టినవాడికి ఎంత?

'ప్రపంచ మార్కెట్‌లో చేరారు కదా, ఇంకేం కావాలి' అంటారు కొందరు. చేరింది గింజ. మనమింకా చెట్టు కిందే ఉన్నాం. పండు ఒలిచే మర, ఎండబెట్టే కళ్లం, వేయించే పొయ్యి మన సంఘాల చేతికి రావాలి. కొన్ని రైతు సంఘాలు ఇప్పటికే ఆ దారి పట్టాయి. చదువుకున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు వాటి ఖాతా పుస్తకాలు చూడాలి.

పంతుళ్లూ, లాభనష్టాల పాఠం వచ్చినప్పుడు కాఫీ పొట్లం మీది ధర బోర్డు మీద రాయండి. పక్కనే మీ ఊళ్లో పండుకిచ్చిన ధర రాయండి. తీసివేత పిల్లలతోనే చేయించండి.