గ్రహశకలముల జాడ తెలియుట యెట్లు?



గ్రహశకల మొకటి భూమిని తాకనున్నదని పత్రికలలో వార్త వెలువడినంతనే మన యిండ్లలో కలవరము పుట్టుచున్నది. కొలది దినములకే ఆ ప్రమాదము లేదని మరియొక వార్త వచ్చును. అంతట, శాస్త్రజ్ఞుల మాటకు నిలకడ లేదని కొందరు నవ్వుదురు. కాని యిట్లు మాట మారుటయే వారి గణితము చక్కగా సాగుచున్నదనుటకు గుర్తు. ఏల యన్నది యించుక విచారింతము.

సూర్యుని చుట్టు తిరుగు చిన్న రాతిఖండములకు గ్రహశకలములని పేరు. వీనిలో పెక్కు కుజ గురు గ్రహముల నడుమ నుండును. కొన్ని భూమికి చేరువగా వచ్చును. మొట్టమొదట కానవచ్చినది సీరీసు. సిసిలీ ద్వీపమందలి పలెర్మోలో పియాజీ యను పండితుడు 1801 జనవరి 1వ తేదీన దానిని కనుగొని, రోమనుల ధాన్యదేవత పేరు పెట్టెను. ఇంచుమించు నలువది దినములు చూచిన పిమ్మట నది సూర్యకాంతిలో మరుగుపడెను. అప్పుడు ఇరువదినాలుగేండ్ల గౌస్ అను జర్మను గణితజ్ఞుడు ఆ కొద్ది కొలతల నుండియే దాని కక్ష్యను గణించి, యెచ్చట వెదకవలెనో తెలిపెను. ఆ యేడు డిసెంబరు 31వ తేదీన అది దాదాపుగా నచ్చటనే కానవచ్చెను.

నేటికిని పద్ధతి యదియే. ప్రక్కనున్న నక్షత్రములతో పోల్చి శకలము స్థానమును మరల మరల కొలిచి, మార్గమును గణింతురు. కొలతలో వెంట్రుకవాసి తప్పున్నను, ఏండ్లు గడచునప్పటికి లక్షల కిలోమీటర్ల భేదము కలుగవచ్చును. నేలమీద నుండి చూచునప్పుడు గాలి కదలికచే చుక్కలు మిణుకుమిణుకు మనును, కొలత చెదరును. ఈ లోపమును తీర్చుటకై ఐరోపా అంతరిక్ష సంస్థవారు 2013 డిసెంబరు 19వ తేదీన గైయా యను నౌకను పంపిరి. భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరమున నిలిచి, 2025 జనవరి 15వ తేదీ వరకు అది యాకాశమును కొలిచెను. దాదాపు 180 కోట్ల నక్షత్రముల స్థానములును, లక్షన్నరకు పైగా గ్రహశకలముల కక్ష్యలును దానివలన తేలినవి. నేలమీది పరిశోధకులును ఆ నక్షత్రపట్టికనే కొలబద్దగా గైకొనుచున్నారు.

ఇక మాట మారుట సంగతి. 2024 వై.ఆర్.4 అను శకలము 2024 డిసెంబరు 27వ తేదీన కానవచ్చెను. అది 2032 డిసెంబరు 22వ తేదీన భూమిని తాకు నవకాశము ఒక దశలో నూటికి ఒక పాలుండి, 2025 ఫిబ్రవరి 18 నాటికి మూడు పాళ్ళకు పెరిగి, వారము తిరుగకముందే లేశమాత్రమయ్యెను. పిమ్మట జేమ్సు వెబ్బు అను అంతరిక్ష దూరదర్శినియు దానిని చూచి కక్ష్యను మరింత సరిపరచెను.

పెరటిలో ముక్కుపుడక జారిపడినదనుకొనుడు. పెరడంతయు వెదకవలసినప్పుడు, అది బావిలో పడియుండునను శంక స్వల్పమే. ఊడ్చి చూచినకొలది వెదకవలసిన తావు తగ్గును; బావి మాత్రము మిగిలియే యుండును గనుక శంక హెచ్చుచుండును. తుదకు తులసికోట చెంత పుడక తళుక్కుమన్నచో శంక యొక్కమారుగా తీరును. పుడక కదలలేదు, మన తెలియమి తరిగినది. శకలము విషయమును ఇట్టిదే.

2029 ఏప్రిల్ 13వ తేదీన అపోఫిసు అను శకలము భూతలమునకు సుమారు 32 వేల కిలోమీటర్ల దూరమున సాగిపోవును. 2004లో దానిని గూర్చియు భయము కలిగెను. అది కనీసము నూరేండ్లవరకు భూమిని తాకదని 2021లో గణించి తేల్చిరి. నాటికి వదంతులు పుట్టక మానవు. బిడ్డలు బెదరి మన కొంగు పట్టుకొన్నప్పుడు, ఎన్నినాళ్ళు చూచి చెప్పిన మాట యిది, నూటికి ఎన్ని పాళ్ళు అని యడుగ నేర్పుడు. ఆడపిల్లకు గణితమెందుకను వారికిని ఇదియే సమాధానము.