సేవయా? సంబరమా?

మన పట్టణములలో సేవాసంఘములకు కొదువ లేదు. రోటరీ, లయన్స్ మొదలగు పరదేశములందు పుట్టిన సంఘముల శాఖలును, యువజనసంఘములును, మిత్రమండలులును ఊరూర వెలసియున్నవి. వానియందు వర్తకులు, వైద్యులు, న్యాయవాదులు, ఉపాధ్యాయులు చేరియున్నారు. తమ పనులు తీరిన పిమ్మట పరుల మేలునకై యొక గంట వెచ్చింపవలెనను కోరిక జనించుటయే శుభసూచకము. కావున వీరిని పరిహసించుట మా యుద్దేశము గాదు. కాని యొక ప్రశ్న యడుగక తప్పదు. ఈ సంఘములు చేయుచున్నది సేవయా, సంబరమా?

అందరును చూచిన దృశ్యము నొకదానిని జ్ఞప్తికి దెచ్చుకొందము. పాఠశాల ముంగిట షామియానా వేయుదురు. వేదికపై ఇరువది కుర్చీలు, క్రింద ముప్పదిమంది బాలురు. పంచవలసినవి నోటుపుస్తకములు. అధ్యక్షోపన్యాసము, అతిథుల ఉపన్యాసములు, శాలువలు, జ్ఞాపికలు, ఛాయాచిత్రములు ముగియువరకు బాలురు ఎండలో నిలిచియుందురు. పుస్తకముల వెలకన్న పూలదండల వెలయు, షామియానా బాడుగయు, ఫలాహారపు ఖర్చును మిన్నయగుట అరుదు గాదు. మరల నేడాది తిరిగి వచ్చువరకు ఆ పాఠశాల కప్పు కారుచున్నదో లేదో చూచువారుండరు.

ఇట్టి సంఘములవలన ఘనకార్యములు కానేరవని దీనివలన తలపరాదు. 1905వ సంవత్సరమున చికాగో నగరములో పాల్ హారిస్ అను న్యాయవాది మరి ముగ్గురు మిత్రులతో గూడి స్థాపించినదే రోటరీ సంఘము. ఆ సంఘమువారు 1979లో ఫిలిప్పీన్స్ దీవులయందలి శిశువులకు పోలియో మందు సమకూర్చుటకు పూనుకొనిరి. 1985లో ప్రపంచమంతటను ఆ వ్యాధిని రూపుమాపవలెనని వ్రతము పట్టిరి. 1988లో ప్రపంచ ఆరోగ్యసంస్థ మొదలగునవి తోడైన నాటికి ఏటేట 3,50,000 మంది ఆ వ్యాధి వాత బడుచుండిరని లెక్క. మన దేశమున 1995లో పల్స్ పోలియో కార్యక్రమము మొదలయ్యెను. 2009లో సైతము ఇచ్చట 741 మందికి ఆ వ్యాధి సోకెను. పదునాలుగేండ్ల శ్రమ వృథాయయ్యెనని అనేకులు నిట్టూర్చిరి. అయినను పని విడువలేదు. 2011 జనవరి 13న హౌరా జిల్లాలో నొక చిన్నారి బాలికకు కన్పించినదే కడపటి కేసు. 2014 మార్చి 27న భారతదేశము పోలియోరహితమని ప్రపంచ ఆరోగ్యసంస్థ ధ్రువపరచెను.

ఈ కీర్తి యంతయు సంఘములదే యనుట అన్యాయము. ప్రభుత్వము ధనమిచ్చినది, లక్షలకొలది ఆరోగ్యకార్యకర్తలును, అంగన్వాడీ స్త్రీలును ఇల్లిల్లు తిరిగిరి. కాని శిబిరమువద్ద బల్ల వేసి కూర్చుండుటకును, మందు వలదన్న తల్లిని బుజ్జగించుటకును, చందాలు పోగుచేయుటకును సంఘసభ్యులు తోడుపడిరి. వారి ఘనత యెందున్నది? ఒక పని నెంచుకొని, పావు శతాబ్దము దానిని విడువకుండుటయందే యున్నది. ఒకనాటి ఉత్సాహము ఎవ్వరికైనను గలుగును. ఇరువదియైదవ యేట గూడ బల్లవద్ద కూర్చుండుటయే సేవ.

రక్తదానము సంగతి చూడుడు. రక్తమమ్ముకొను పద్ధతిని మాన్పవలెనని 1996లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పగా, 1998 జనవరి 1 నుండి అది నిషిద్ధమైనది. నాటినుండి రోగుల ప్రాణములు స్వచ్ఛంద దాతల చేతిలో నున్నవి. ఒక నాయకుని జన్మదినమున నొక్క పూటలో వందలమంది రక్తమిచ్చిరని ప్రకటనలు వెలువడును. సంతోషమే. కాని రక్తములోని ఎర్రకణములు 35 మొదలు 42 దినములకు మించి నిలువయుండవు. తలసీమియా గల శిశువునకు రెండు మొదలు నాలుగు వారముల కొకతూరి రక్తమెక్కింపవలెను. ఆ శిశువు నాయకుని జన్మదినము వచ్చువరకు వేచియుండగలడా? వేసవిలో కళాశాలలు మూయబడగానే దాతలు కరవగుదురు. రోగములకు మాత్రము సెలవులు లేవు. పురుషుడు మూడు నెలల కొకమారును, స్త్రీ నాలుగు నెలల కొకమారును రక్తమీయవచ్చును. కావున దాతలను మాసములవారీగా విభజించి, నెలకు కొందరు చొప్పున వంతులు పెట్టుకొన్నచో ఏడాది పొడవున కొరత తగ్గును. దీనికి శాలువ లక్కరలేదు. ఒక పట్టిక చాలును. ఆ పట్టికను తప్పక నడపు ఒక మనుష్యుడు చాలును.

ఇక చందాల మాట. 1894లో నేటాలు దేశమున భారతీయుల కాంగ్రెసును స్థాపించినప్పుడు గాంధీమహాత్ముడు చందా వసూలునకై వర్తకుల యిండ్లకు తిరిగెను. టోంగాట్ అను నూర నొక గృహస్థు ఆరు పౌనులీయవలసినచోట మూడే యిత్తుననగా, ఆయనయు ననుచరులును భోజనము చేయక రాత్రియంతయు కూర్చుండిరి. తెల్లవారుజామున గృహస్థు ఆరు పౌనులిచ్చి విందు చేసెను. ఆత్మకథలో నున్న యీ కథను చెప్పువారు దాని ప్రక్కనున్న మాట మరతురు. ప్రతి చందాకును రసీదునిచ్చి, ప్రతి పెన్నీకిని లెక్క వ్రాయించెననియు, సరియైన లెక్క లేనిదే సంస్థకు సత్యము నిలువదనియు ఆయన యందే చెప్పియున్నాడు. గట్టిగా నడుగుటకు అధికారమిచ్చునది గట్టిగా లెక్క చెప్పుటయే.

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో మన బెజవాడలోనే సమావేశమైన అఖిలభారత కాంగ్రెసు సంఘము తిలకు స్వరాజ్యనిధికి కోటి రూపాయలు కూర్చవలెనని తీర్మానించెను. జూను నెలాఖరులోగా ధనికుల లక్షలును, బీదల అణాలును, స్త్రీల నగలును గలిసి ఆ మొత్తము సమకూడెను. దేశము పేదదైనను చేయి పేదది గాదని నాడు ఋజువయ్యెను. నేడు చందా యడిగిన వెంటనే తలుపు మూయువారిని నిందించి ప్రయోజనమేమి? వారు పీనాసులు గారు. ఇచ్చిన రూపాయి ఎచ్చటికి పోయెనో చెప్పినవారు లేకపోవుటచే విసిగినవారు.

సన్మానము లేనిదే పెద్ద దాతలు చేయి విప్పరని కొందరు కార్యదర్శులు చెప్పుదురు. అందు కొంత నిజము లేకపోలేదు. దాతను గౌరవించుట తప్పు గాదు. కాని పదివేలిచ్చిన వానికి దండ వేయుచు, పది రూపాయలిచ్చిన కూలివానికి లెక్కయైనను చెప్పకుండుట గౌరవమెట్లగును? లెక్క చెప్పుటయే దాతల కందరికిని సమముగ చేయదగిన సన్మానము.

కావున సంఘములవారికి మేము మూడు మాటలు మనవి చేయుచున్నాము. సభల ఖర్చులను, దండల ఖర్చులను సభ్యులు తమ జేబులనుండియే భరింపవలెను. ప్రజలిచ్చిన సొమ్ము ఒక్క కాసైనను వానికి పోరాదు. వసూలైన మొత్తమును, వెచ్చించిన తీరును నెల తిరుగకమున్నే ఊరి పఠనమందిరపు గోడపై నంటింపవలెను. పది పనులు ముట్టుకొని విడుచుటకన్న నొక్క పని నెంచుకొని, మూడేండ్లు దానిని వదలకుండవలెను.

పాఠకులకు గూడ నొక మాట. చందా యిచ్చితిమి, మా పని తీరినదని యనుకొనరాదు. గోడపై లెక్క లేకున్నచో అడుగుట మీ హక్కు; లెక్క సరిగా నున్నచో మరల నిచ్చుట మీ ధర్మము. అడుగువాడును, ఇచ్చువాడును, చేయువాడును ఒకరి నొకరు నమ్మినచోటనే ఊరు బాగుపడును. ఆ నమ్మకము షామియానా క్రింద నొక పూటలో పుట్టదు. అది మెల్లగా, లెక్కపుస్తకము పుటలలో, కాలము తప్పని పనిలో పెరుగును.