జ్వరం కబురు గుంటూరు చేరాలి

గుంటూరులో కీమో ఎక్కించుకుని సాయంత్రం నరసరావుపేట బస్సెక్కిన రోగికి అసలు గండం ఆస్పత్రిలో ఉండదు. వారం, పది రోజులు పోయాక ఇంట్లో మొదలవుతుంది. తెల్లరక్తకణాలు బాగా పడిపోయేది అప్పుడే. ఆ రోజుల్లో ఒళ్లు 100.4 డిగ్రీలు కాలిందంటే దాన్ని మామూలు జ్వరంగా చూడకూడదు. సకాలంలో యాంటీబయాటిక్ పడకపోతే ప్రాణం మీదికి వస్తుంది. మన పల్లెల్లో జరుగుతున్నదేమిటి? ఆర్‌ఎంపీ ఒక సూది వేసి, పారాసెటమాల్ బిళ్లలు చేతిలో పెడతాడు. జ్వరం తగ్గినట్టే తగ్గుతుంది. ఎలాగూ మళ్లీ కీమోకు వెళ్తాం, అప్పుడు చెబుదాంలే అని ఇంటిల్లిపాదీ ఊరుకుంటారు. మాచర్ల నుంచి గుంటూరు వంద కిలోమీటర్ల పైమాటే. తోడు వెళ్లే మనిషికి ఆ రోజు కూలి పోతుంది. అందుకే నోరు పూసి ముద్ద దిగకపోయినా, విరేచనాలతో మంచం పట్టినా, అరికాళ్లు తిమ్మిరెక్కినా ఓర్చుకుంటారు. ఆడవాళ్లు చాలామంది అసలు నోరు విప్పరు.

వైద్యం ఉచితం చేశాం కదా అని ప్రభుత్వం చేతులు దులుపుకుంటే కుదరదు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకం కీమో ఖర్చు భరిస్తోంది. గుంటూరు ప్రభుత్వ సర్వజనాస్పత్రి (జీజీహెచ్)లో నాట్కో ట్రస్టు చేయూతతో క్యాన్సర్ కేంద్రం వచ్చింది. రెండూ మంచి పనులే. కానీ ఒక కీమోకూ మరో కీమోకూ నడుమ తరచూ మూడు వారాలుంటాయి. ఆ మూడు వారాలూ రోగి తన బాధను ఫోన్‌లో చెప్పుకునే ఏర్పాటు చికిత్సలో భాగం కావాలి.

న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ ఆస్పత్రిలో డాక్టర్ ఈథన్ బాష్ బృందం క్యాన్సర్ ముదిరిన 766 మందితో ఇలాంటి పద్ధతినే పరీక్షించింది. ఒక వర్గం రోగులు 12 లక్షణాల గురించి తామే కంప్యూటర్‌లో నమోదు చేసేవారు. బాధ ముదిరితే నర్సుకు కబురు వెళ్లేది. మామూలు చికిత్సలో ఉన్నవారిలో 41 శాతం మంది ఎమర్జెన్సీకి పరుగెత్తాల్సి వస్తే, వీరిలో 34 శాతమే. మధ్యస్థ జీవితకాలం 26 నెలల నుంచి 31 నెలలకు పెరిగిందని 2017లో ప్రకటించారు. అంతకుముందు కంప్యూటర్ వాడకం తెలియనివారికే జీవన నాణ్యతలో ఎక్కువ మేలు జరగడం ఇందులో విశేషం. పల్లెటూరి జనానికి ఇవన్నీ ఎక్కడొస్తాయని పెదవి విరిచే అధికారులు ఈ ముక్క చదవాలి. తర్వాత అమెరికాలోనే 52 కేంద్రాల్లో జరిగిన పరీక్షలో ఆయుష్షు పెరిగినట్టు తేలలేదు. ఆ సంగతి దాచనక్కర్లేదు. బాధలు తగ్గాయి, ఒంట్లో సత్తువ నిలిచింది. అక్కడ రోగులు ఇంటర్నెట్‌లోనే కాక, ఫోన్‌కు వచ్చే ఆటోమేటిక్ కాల్‌కూ జవాబిచ్చారు.

కాబట్టి దయచేసి ఇంకో యాప్ తేవద్దు. ఏఎన్‌ఎంలు ఇప్పటికే యాప్‌లు నింపలేక సతమతమవుతున్నారు. 2025 జనవరిలో ప్రారంభించిన ‘మన మిత్ర’ వాట్సాప్ ద్వారా ధ్రువపత్రాలు ఇస్తున్న ప్రభుత్వం, అదే దారిలో వారానికోసారి తెలుగులో నాలుగు ప్రశ్నలు అడగలేదా? చదువు రానివారికి మాటలతోనే అడగాలి. స్మార్ట్‌ఫోన్ లేని ఇంటికి మామూలు కాల్ చేయాలి. జవాబు రాకపోతే ఆశా కార్యకర్త గడప తొక్కాలి, ఆ పనికి ఆమెకు విడిగా డబ్బివ్వాలి. రోగి చెప్పిన వివరాలు సచివాలయంలో పదిమంది కంటా పడకూడదు. పిల్ల పెళ్లి చెడుతుందని తల్లి జబ్బును దాచే ఇళ్లు ఇంకా ఉన్నాయి.

అసలు చిక్కు ఫోన్‌కు అవతలి వైపు ఉంది. రాత్రి వచ్చిన జ్వరానికి మర్నాడు ఓపీ వేళకు స్పందిస్తే ఏం లాభం? జీజీహెచ్‌లో ఈ పనికే శిక్షణ పొందిన నర్సులు రేయింబవళ్లు ఉండాలి. రోగులు ఊరికే ఫోన్లు చేసి విసిగిస్తారన్న వాదనకు విలువ లేదు. బాష్ పరీక్షలో తమకు వచ్చిన హెచ్చరికల్లో ముప్పావు వంతుకు పైగా వాటికి నర్సులు ఏదో ఒక చర్య తీసుకున్నారు. ఇక గుంటూరు నర్సు వెళ్లమన్న చోట వైద్యం దొరకాలి. నరసరావుపేట, మాచర్ల, గురజాల ప్రభుత్వాస్పత్రుల్లో రాత్రిపూట కూడా రక్తపరీక్ష చేసి, సెలైన్, యాంటీబయాటిక్ పెట్టగలగాలి.

ఇదంతా ఆస్పత్రుల దయకు వదిలేస్తే ఒక సభ, ఒక ఫొటోతో ముగిసిపోతుంది. రోగి బాధల నమోదును వైద్య సేవ ట్రస్టు కీమో ప్యాకేజీలోనే చేర్చి, పల్నాడు రోగులతో వెంటనే మొదలుపెట్టాలి. ఎన్ని హెచ్చరికలు వచ్చాయో, ఎంతసేపట్లో స్పందించారో ప్రతి నెలా ప్రకటించాలి. ఇంటికి వెళ్లిన రోగిని పట్టించుకోని ఆస్పత్రికి, అది సర్కారుదైనా ప్రైవేటుదైనా, కీమో బిల్లులో కొంత ఆపాలి.