పులిజూదము – వ్యాకరణము

అరుగు మీద సుద్దముక్కతో గీసిన పులిజూదపు పటమును ఎరుగనివారు నా ఈడువారిలో అరుదు. మూడు గులకరాళ్ళను పులులుగాను, పదిహేను చింతగింజలను మేకలుగాను పెట్టుకొని వేసవి మధ్యాహ్నములు గడిపినవారమే మేమందరము. ఆట తేలిక, తగవులు మాత్రము తేలికవి కావు. "మా ఊళ్ళో ఇట్లా ఆడరు" అన్న ఒక్క మాటతో ఎన్ని ఆటలు చెదరిపోయినవో లెక్క లేదు. ఆ తగవులను గూర్చి ఉపాధ్యాయులకును విద్యార్థులకును నాలుగు మాటలు మనవి చేయదలచితిని. ఇందులో నా తప్పు కూడ ఒకటి కలదు.

ముందు పటమును తలచుకొందము. శిఖరము నుండి నాలుగు గీతలు దిగి అడుగు గీతను తాకును. నడుమ మూడు అడ్డగీతలు వానిని ఖండించి, ఇరువైపుల వెలికి వచ్చి, చివరలందు నిలువు గీతలతో కలియును. శిఖరము 1, అడ్డగీతలపై ఆరేసి చొప్పున 18, అడుగు గీతపై 4, వెరసి 23 స్థానములు. మేకలవాడు వంతుకొక మేకను దింపును. పులి గీత వెంబడి ఒక అడుగు కదలును. లేదా ప్రక్కనున్న మేకపై నుండి ఆవలి ఖాళీ స్థానమునకు దూకి దానిని చంపును. మూడు పులులకును కదలుటకు దారి లేకుండ చేసినచో మేకలదే గెలుపు.

కొన్ని ఏండ్ల క్రిందట సంక్రాంతి సెలవులలో గూడూరు దాపున ఒక పల్లెలో పిల్లల ఆటలకు నన్ను మధ్యస్థునిగా కూర్చుండబెట్టిరి. మేకల పక్షమున ఎనిమిదవ తరగతి బాలిక. పులుల పక్షమున ఆమె కంటె పెద్దవాడైన బాలుడు. ఆమె ఓపికగా రెండు పులులను కట్టివేసినది. ఇంతలో బాలుడు మూడవ పులితో ఒక మేకను దాటి, అదే వంతులో మరియొక మేకను కూడ దాటెను. బాలిక అభ్యంతరము చెప్పినది. నా చిన్ననాట మా వీధిలో అట్లే ఆడెడివారము గనుక నేను క్షణమైనను ఆలోచింపక "చెల్లును" అంటిని. ఆమె వాదింపలేదు. "ముందే చెప్పి ఉంటే ఆ మేకను అక్కడ పెట్టేదాన్ని కాదండీ, మాష్టారూ" అని మాత్రము అన్నది. ఆట ఓడిపోయినది. ఆ మాటకు నా వద్ద నాడును సమాధానము లేదు, నేడును లేదు.

ముప్పది ఏండ్లుగా సంధిసూత్రములు బోధించుచున్న నాకు అప్పుడు తోచవలసినది ఇంటికి వచ్చిన తరువాత తోచినది. ఉకారసంధి నిత్యము; ఏమ్యాదులలో ఇకారసంధి వైకల్పికము; అకారసంధి బహుళము. చిన్నయసూరి బాలవ్యాకరణమున ఏ కార్యము తప్పక జరుగునో, ఏది ఇష్టమును బట్టి జరుగునో, ఎచ్చట నిషేధమో విడివిడిగ చెప్పబడినది. ఆటలోని తగవులన్నియు ఈ విభాగము లేకపోవుటచేతనే పుట్టుచున్నవి. "పులి మేకను దాటవచ్చును" అందుము. దాటి తీరవలెనా, దాటకున్నను చెల్లునా అని చెప్పము.

నా మట్టుకు నాకు తోచిన నిర్ణయములివి. మేకలన్నియు దిగువరకు ఏ మేకయు కదలరాదు, ఇది నిషేధము. మేకను చంపుట వైకల్పికము. చంపి తీరవలెనన్నచో మేకలవాడు ఎరలు చూపి పులిని తన ఇష్టము వచ్చిన చోటికి ఈడ్చుకొనిపోవును, పులికి బుద్ధితో పని ఉండదు. ఒక వంతునకు ఒక్క దూకుడే. రెండైనచో బదులు చెప్పుకొను అవకాశము మేకలకు పోవును. ఒక పులి కట్టుబడినంత మాత్రమున చచ్చినట్లు కాదు. మేక తొలగినచో అది మరల లేచును. దూకుడు తిన్నని గీత మీదనే జరుగవలెను, మలుపు తిరుగరాదు. ఈ చివరి నియమమును పట్టుకొని విద్యార్థులు పటమును పరిశీలింపవలెను. శిఖరము గుండ ఏ గీతయు ఆవలికి పోదు. కావున అచ్చటి మేకను ఎవ్వరును చంపలేరు. అడుగు గీత రెండు కొనలును, ప్రక్క చట్రముల నాలుగు మూలలును అట్టివే. 23 స్థానములలో 7 మేకలకు అభయస్థానములని ఎవరును చెప్పకయే నియమము నుండి తేలుచున్నది.

"పల్లె ఆటకు ఇంత శాస్త్రమెందుకు? ఊరికొక రీతి ఉండుటే దాని అందము గదా" అని కొందరనవచ్చును. అందమే. తమిళులు దీనినే ఆడుపులి ఆట్టమందురు. నేపాలువారి బాఘచాల్‌లో పులులు 4, మేకలు 20, స్థానములు 25. అందు 5 మేకలు చచ్చినచో పులులదే గెలుపు. ఏదియు తప్పు కాదు. ఊరూర మారునది బహుళమనుకొందము. కాని ఆ ఊరి రీతి ఏదో మొదటి గింజ దింపుటకు ముందే ఇరువురికిని తెలిసియుండవలెను. నా మొర ఇంతమాత్రమే.

చదరంగమును చూడుడు. మన దేశపు పాత పద్ధతిలో బంటు తొలి ఎత్తున కూడ ఒక్క గడియే నడచెడిది. ఆ పద్ధతిలో పెరిగిన మీర్ సుల్తాన్ ఖాన్ పాశ్చాత్య నియమములను నేర్చుకొని 1929, 1932, 1933 సంవత్సరములలో బ్రిటిషు విజేత అయ్యెను. నియమము మారినను అది ముందే తెలిసియుండుటచేత ఆయన ప్రతిభకు లోటు కలుగలేదు. మన గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2024 డిసెంబరులో న్యూయార్కు నగరమున రెండవమారు ప్రపంచ రాపిడ్ విజేత అయినప్పుడు, బంటు నడకను గూర్చి ఆమె ఎవరితోను తగవు పడవలసిన పని లేకపోయినది. వ్రాసిన నియమము బలహీనునకు కూడ అండ. వ్రాయని నియమము పెద్దవాని నోట పలుకును.

కావున తెలుగు ఉపాధ్యాయులకు నా మనవి ఇది. వ్యాసరచనకు "వర్షాకాలము" అన్న విషయమునకు బదులు ఒకసారి "మా ఊరి పులిజూదపు నియమములు" అని ఇచ్చి చూడుడు. ఒకడు వ్రాసిన దానిని మరియొకడు చదివి, నోటిమాట సాయము లేకుండ ఆడవలెను. ఎచ్చట ఆట ఆగిపోవునో అచ్చట వాక్యము లోపించినదన్న మాట. "వచ్చును"కును "వలెను"కును, "రాదు"కును "లేదు"కును గల భేదము పిల్లవానికి ఏ పాఠముకంటెను బాగుగ అప్పుడు తెలియును.

ఆ బాలిక ఇప్పుడు ఎచ్చట చదువుచున్నదో నాకు తెలియదు. ఈ పుట ఆమె కంట పడినచో నా తీర్పును వెనుకకు తీసికొనుచున్నానని గ్రహించుగాక. నియమమును ఆటకు ముందు చెప్పినవాడు మధ్యస్థుడు. ఆట నడుమ చెప్పినవాడు నాలుగవ పులి.