దోర్నపాల్‌కు మన బాకీ

భద్రాచలం నుంచి చింతూరు, కుంట దాటి జగదల్‌పూర్ వెళ్లే జాతీయ రహదారి మీద ఉంది ఛత్తీస్‌గఢ్‌లోని దోర్నపాల్. మన సరిహద్దుకు గంట ప్రయాణం. ఇరవై ఏళ్లుగా ఆ పేరు మన పత్రికల్లో ఎక్కువగా ఎదురుకాల్పుల వార్తలతోనే వచ్చింది. ఎంతమంది పోయారో చదివాం, ఎవరు చంపారో వాదించుకున్నాం. బతికి మిగిలినవాళ్లకు రాత్రిళ్లు నిద్ర పడుతోందా అని తెలుగు సమాజంగా మనం అడగలేదు. ఈ తప్పు మనదే.

మావోయిస్టులకూ ప్రభుత్వానికీ మధ్య జరిగిన ఆ యుద్ధం మనకు పరాయిది కాదు. 1980లో దండకారణ్యంలోకి వెళ్లిన నక్సలైటు దళాలు గోదావరి ఇవతలి నుంచే బయల్దేరాయి. నడిపిన నాయకుల్లో చాలామంది మనవాళ్లు. వాళ్లను వేటాడటానికి 1989లో మనం కట్టిన గ్రేహౌండ్స్ పోలీసు దళం ఇతర రాష్ట్రాలకు నమూనా అయింది. విప్లవమూ మన దగ్గర్నుంచే వెళ్లింది, దాన్ని అణిచే విద్యా మన దగ్గర్నుంచే వెళ్లింది. ఆ రెంటి మధ్య చిక్కిన కోయ, దోర్ల కుటుంబాల బాగోగులు మాత్రం ఛత్తీస్‌గఢ్ వ్యవహారమని వదిలేశాం.

2005 జూన్‌లో మావోయిస్టులకు వ్యతిరేకంగా ప్రభుత్వ అండతో సల్వా జుడుం మొదలయ్యాక వందల ఊళ్లు ఖాళీ అయ్యాయి. దోర్నపాల్‌లో వెలిసింది నిర్వాసితుల పెద్ద శిబిరాల్లో ఒకటి. ఊళ్లో ఉండిపోతే జుడుం లెక్కలో నక్సలైటు, శిబిరానికొస్తే దళం లెక్కలో ద్రోహి. 2006 జూలైలో దగ్గర్లోని ఎర్రబోరు శిబిరం మీద మావోయిస్టులు దాడి చేసి 30 మందికి పైగా చంపారు. వాళ్లలో పిల్లలూ ఉన్నారు. 2011 మార్చిలో తాడ్‌మెట్ల, తిమాపురం, మోర్‌పల్లి ఊళ్లలో ఇళ్లు కాలిపోయాయి. తాడ్‌మెట్ల దహనంలో పోలీసుల చేయి ఉందని సీబీఐ తర్వాత తేల్చింది. 2017లో బుర్కపాల్ దగ్గర 25 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు చనిపోయారు. ఆ కేసులో 121 మంది ఆదివాసులు ఏళ్ల తరబడి జైల్లో మగ్గి, 2022లో నిర్దోషులుగా బయటికొచ్చారు.

చీకటి పడితే ఎటు నుంచి ఎవరొస్తారో తెలియని బతుకు మనసును ఏం చేస్తుందో వైద్యానికి తెలుసు. చిన్న చప్పుడుకే ఉలికిపాటు, వదలని పీడకల, పక్క తడిపే పిల్లలు, మాట్లాడటం మానేసిన పెద్దలు. యుద్ధ ప్రాంతాల్లో ప్రతి అయిదుగురిలో ఒకరికి పైగా ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉంటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో అంచనా కట్టింది. దోర్నపాల్ దుఃఖానికి ఇంకో బరువు కూడా ఉంది. పోయినవాళ్ల పేరిట నిలిపిన రాళ్లూ, వేల్పులూ, విత్తనాల పండుగ చేసుకునే నేలా ఊళ్లోనే ఉండిపోయాయి. ఊరంతా కలిసి ఏడ్చి తేరుకునే దారి శిబిరంలో మూసుకుపోయింది.

ఇదంతా మన కంట ఎందుకు పడలేదు? పిడికిలెత్తిన ఆదివాసి మన కవిత్వానికి కావాలి, లొంగిపోయిన ఆదివాసి ప్రభుత్వ ప్రకటనకు కావాలి. చేయి వణికే ఆదివాసి ఎవరికీ అక్కర్లేదు. అడవి మనుషులు గట్టివాళ్లు, వాళ్లకు మనోవ్యాధులేమిటని మనలో ఉన్న చిన్నచూపును గౌరవమనుకున్నాం. నిజనిర్ధారణ నివేదికల్లో కాలిన ఇళ్లను లెక్కపెట్టాం, చెదిరిన మనసులకు ఒక గడి కూడా పెట్టలేదు. రెండు వైపుల హింసనూ ప్రశ్నించిన హక్కుల ఉద్యమకారుడు బాలగోపాల్ లాంటివాళ్లను ఎవరి పక్షమో చెప్పమని నిలదీశాం. వాళ్ల మాటల వెనకున్న బాధితుల గోడు వినలేదు.

వాళ్లు పారిపోయి మన దగ్గరికే వచ్చారు. ఖమ్మం, ములుగు మిరప చేలల్లో కాయలు కోయించుకున్నాం. గుత్తికోయలని పేరు పెట్టి, అడవిలో వేసుకున్న గుడిసెలు పీకించాం. 2022 నవంబరులో కొందరు గుత్తికోయల చేతిలో ఒక అటవీ అధికారి హత్య జరిగింది. అది క్షమించరాని నేరం. దానికి శిక్షగా గుత్తికోయలందరినీ వెళ్లగొట్టాలని ఒక పంచాయతీ తీర్మానం చేసింది. ఒకసారి ఊరు పోగొట్టుకున్నవాళ్లను మళ్లీ తరమాలన్న ఆ మాటకు మనలో చాలామందికి వెన్ను జలదరించలేదు.

సల్వా జుడుంను, ప్రత్యేక పోలీసు అధికారుల నియామకాన్ని తప్పుపట్టిన 2011 సుప్రీంకోర్టు తీర్పు రాసిన ధర్మాసనంలో మన జస్టిస్ సుదర్శన్ రెడ్డి ఉన్నారని గర్వపడ్డాం. ఆ గర్వంతో సరిపెట్టుకునే హక్కు మనకు లేదు. మానసిక వైద్యం ప్రతి మనిషి హక్కని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. భద్రాచలం, చింతూరు ఆసుపత్రుల్లో కోయ భాష మాట్లాడే సలహాదారులను నియమించాలని మన రెండు ప్రభుత్వాలను నిలదీయాలి. గుత్తికోయ గుంపుల్లోకి వైద్య బృందాలు గుడిసెలు కూల్చే జీపులకంటే ముందు వెళ్లాలి. ఇన్నాళ్లూ తుపాకీ గురించి వాదించిన మన సభలు, పత్రికలు ఇప్పుడు వాళ్లు చెప్పుకునేది వాళ్ల భాషలోనే విని అచ్చువేయాలి. రేపు తుపాకులు మూగబోయినా ఈ బాకీ తీరదు. దాన్ని తీర్చడం ఇప్పుడే మొదలుపెట్టాల్సి ఉంటుంది.