కె. భీం ఎవరు?

బహదూర్‌పురాలో నేను అద్దెకుండే ఇల్లు జూపార్కుకు దగ్గర. ఊరి నుంచి ఎవరొచ్చినా అక్కడికి తీసుకుపోతాను. 1963లో తెరిచిన ఆ పార్కులో బోన్ల ముందు బోర్డులుంటాయి. జంతువు పేరేమిటి, అది ఏ జాతిది, ఎక్కడ బతుకుతుంది, ఏం తింటుంది, అన్నీ రాసి పెడతారు. సర్కారు కాగితాల్లో మా తాతకు ఆపాటి బోర్డు కూడా లేదు.

మా అన్న కొడుకు డిగ్రీ చదువుతూ నా దగ్గరే ఉంటున్నాడు. ఒక రాత్రి ఫోను పట్టుకుని నా మంచం దగ్గరికి వచ్చాడు. "కాకా, ముత్తాత దొరికిండు" అన్నాడు. ఇంటర్నెట్‌లో పెట్టిన పాత లావుణి పట్టాల జాబితాలో ఒక వరుస చూపించాడు. ఇంగ్లీషులో "కె. భీం" అని ఉంది. పక్కన ఫస్లీ 1354. ఫస్లీకి 590 కలిపితే మామూలు సంవత్సరం వస్తుంది, అంటే 1944. మా ఇంటిపేరు కనక. మా తాత పేరు భీం. ఊళ్లో పోడు భూమి దరఖాస్తుకు ఆ కాగితం జతచేయాలని వాడి సంబరం.

"కె. అంటే కనక అని నీకెవరు చెప్పారు?" అని అడిగాను.

వాడి దగ్గర జవాబు లేదు. కనక ఒక్కటేనా? కుమ్రం, కోవ, కొడప, కుర్సెంగ, కుడిమెత, ఇవన్నీ ఆ ఒక్క అక్షరంలోనే ఇరుక్కున్నాయి. ఇక భీం అనే పేరు భీమల్ పేన్‌ది. దేవుడి పేరు పిల్లలకు పెట్టుకోవడం మన ఆనవాయితీ కాబట్టి ప్రతి గూడెంలో ఇద్దరు ముగ్గురు భీంలుంటారు. "మీ వాళ్లందరివీ ఒకే పేర్లు, మేమెట్లా వెతకాలి?" అని ఆఫీసుల్లో విసుక్కుంటారు. ఆ విసుగు నేను చాలాసార్లు చూశాను. అందులో న్యాయం లేదు. మనకు పేరు ఎప్పుడూ ఒంటరిగా ఉండదు. దాని వెనక ఇంటిపేరు, ఇంటిపేరు వెనక నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల సగ, ఆ వెనక ఊరు ఉంటాయి. ఒకే సగలో పెళ్లి చేసుకోని వాళ్లం, ఎవరు ఎవరో తెలియకుండా ఎట్లా బతుకుతాం? కేస్లాపూర్‌లో మెస్రం వాళ్లు కొత్త కోడళ్లను నాగోబాకు పరిచయం చేసే భేటింగ్ కూడా ఒక రిజిస్టరే. ప్రధాన్ కీక్రి పట్టుకుని పాడే వంశకథ కూడా రిజిస్టరే. మన పేర్లు కలగలిసిపోలేదు. రాసేవాడు సగ వదిలేశాడు, ఇంటిపేరును పొడి అక్షరం చేశాడు. తప్పు ఆ గడిది.

మరుసటి రోజు ఆ జాబితాకు మూలమైన పేజీ ఫొటో దించుకున్నాం. నిజాం కాలపు కాగితం కాబట్టి ఉర్దూలో ఉంది. మా వీధిలో ఉర్దూ బాగా వచ్చిన పెద్దాయన దగ్గరికి పోయాం. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని అక్షరాలు ఒక్కొక్కటే చదివాడు. కాఫ్, మీమ్, రే, మీమ్. "ఉర్దూలో పొట్టి అచ్చులు రాయరు మాస్టారూ. కుమ్రం అంటే కుమ్రం, కమరం అంటే కమరం. కానీ కనక మాత్రం కాదు. దానికి కాఫ్, నూన్, కాఫ్ ఉండాలి" అన్నాడు. ఊరి పేరు కూడా మాది కాదు.

ఇంటికొస్తూ మావాడు మెల్లగా అన్నాడు: "జాబితాల కె. అనే ఉంది కద కాకా. ఆఫీసుల ఈ ఉర్దూ ఎవరు చూస్తరు?"

మిత్రులారా, నేను ఈ వ్యాసం రాస్తున్నది ఆ మాట కోసమే. ఎవరూ చూడరు, నిజమే. కానీ ఆ కాగితం కోసం ఎక్కడో ఒక కుమ్రం మనవడు కూడా వెతుకుతుంటాడు. అదే కాగితం రెండు దరఖాస్తుల్లో కనబడిన రోజు రెండూ అబద్ధమంటారు. మన తాతను కాగితాల్లోంచి తుడిచేసిన వాళ్లను తిట్టుకుంటూ, ఇంకొకరి తాతను మనమే తుడిచేద్దామా?

పైగా ఆ దొంగ అవసరం మనకు లేదు. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం షెడ్యూల్డ్ తెగల వాళ్లు 2005 డిసెంబర్ 13కు ముందు నుంచి సాగులో ఉంటే చాలు. 75 ఏళ్ల నివాసం చూపించాలన్న షరతు గిరిజనేతరులకు మాత్రమే. నిబంధనల్లో 13వది చదవండి. ఊరి పెద్దలు చెప్పి రాయించిన వాంగ్మూలం ఒక రుజువు. వంశవృక్షం ఒక రుజువు. ఫలానా కాగితమే తెమ్మని పట్టుబట్టకూడదని 2012 సవరణ చెబుతున్నది. ఈ మాట తెలియకే మన పిల్లలు ఫోన్లలో తాతల కోసం తడుముకుంటున్నారు.

వెతకవద్దని నేననను, వెతకడం నేర్చుకోమంటున్నాను. 1940లో జోడేఘాట్‌లో ప్రాణమిచ్చిన యోధుడి పేరే చూడండి. మనం కుమ్రం అంటాం, పుస్తకాలు కొమరం అంటాయి, జిల్లా పేరులో కుమురం అయింది. ఫోనులో కొడితే ముందు 2022 నాటి ఆర్ఆర్ఆర్ సినిమా బొమ్మలొస్తాయి. అంతటి వాడికే ఇట్లా ఉంటే మామూలు భీంల సంగతేమిటి? అందుకే ఒక్క రాతతో ఆగకండి, అన్ని రాతలతో వెతకండి. రాజురా, కిన్వట్ 1956 దాకా మన ఆదిలాబాద్ జిల్లావే, ఆ తర్వాత మహారాష్ట్ర వైపు పోయాయి. అటు కాగితాలు కూడా చూడండి. జాబితాను నమ్మకండి, మూల పేజీ తెరవండి. తండ్రి పేరు, ఊరు, సంవత్సరం, మూడూ కలిసేదాకా "దొరికిండు" అనకండి.

ఉపాధ్యాయులారా, మన పని ఇంకొకటి ఉంది. అడ్మిషన్ రిజిస్టరులో "కె." అని రాసేది ఈ రోజు మనమే. ఇంటిపేరు పూర్తిగా రాద్దాం. ఈ సెలవుల్లో ప్రతి పిల్లవాడి చేతా తాత, ముత్తాత, సగ, ఊరు నోటుబుక్కులో రాయిద్దాం. మసరాం గోండి లిపి 2017లో, గుంజాల గోండి లిపి 2018లో యూనికోడ్‌లోకి వచ్చాయి. అచ్చులు పోని మన అక్షరాల్లో మన పేర్లు రాసుకోవడానికి ఇంకెవరి అనుమతి కావాలి?

మావాడు ఊరికి పోయి ముగ్గురు పెద్దల వాంగ్మూలం రాయించుకొచ్చాడు. పోయేటప్పుడు ఆ ఉర్దూ పేజీని రెండు ప్రతులు తీసి, అందులో ఉన్న ఊరి కుమ్రం వాళ్లకు ఇచ్చిపోయాడు. ఆ భీం వాళ్ల భీమేనో కాదో వాళ్లే తేల్చుకుంటారు.