దాపరికం మందు కాదు

నల్గొండ, సూర్యాపేట బస్సులెక్కి మన బిడ్డలు ఎల్‌బీ నగర్‌ల దిగుతరు. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లల్ల ఉండి కోచింగులు చదువుతరు. రూం కోసం కులం దాచే పిలగాడు, మగవాళ్లనే ప్రేమిస్తే అదీ దాస్తడు. 2018లో సుప్రీంకోర్టు అది నేరం కాదన్నది. భయం మాత్రం పోలేదు. ఆ భయం చాటునే హెచ్‌ఐవీ పాకుతది.

ఎవరి కంటా పడకుండా సొంతంగా చేసుకునే పరీక్షను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లోనే సిఫారసు చేసింది. సోకి మూడు నెలలు నిండకుంటే అది బయటపడకపోవచ్చు. పాజిటివ్ చూపితే అదే ఆఖరి మాట కాదు. ఉస్మానియా, గాంధీ దవాఖానల్ల ఉచితంగా తేల్చుకోవాలె. ఉన్నదని తేలినా మందులతో నిండు నూరేళ్లు బతకొచ్చు. లేదని తేలితే డాక్టరు సలహాతో ప్రెప్ గోళీ రోజూ వేసుకుంటే వైరస్‌ను అడ్డుకుంటది. మూడు నెలలకోసారి పరీక్ష తప్పదు, కండోమ్ విడవొద్దు. అనుమతి లేకుండా పేరు బయటపెట్టరాదని 2017 చట్టం చెప్తున్నది. 1097కు ఫోన్ చేస్తే ఉచితంగా సలహా ఇస్తరు.

కూలోళ్ల బిడ్డ ఈ గోళీలు ఎన్ని నెలలు కొనగలడు? ప్రతి సర్కారు దవాఖానల కిట్టూ గోళీ ఉచితంగా ఇయ్యాలని కొట్లాడుదాం. వెలివాడల పుట్టినోళ్లం, ఇంకో వెలివాడ కట్టొద్దు.